దారిన వచ్చే దండు, ఊళ్లో ఉండే సంఘం

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా హాళ్ల రద్దీ దాటి ముషీరాబాద్ వైపు కాస్త ముందుకు పోతే గోల్కొండ చౌరస్తా వస్తుంది. హెబ్రోను ప్రార్థనా మందిరం ఉన్నది అక్కడే. గాంధీనగర్ గల్లీల మీదుగా లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు పట్టుకుంటే ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల. వెనక్కి తిరిగి చిక్కడపల్లి దాటి నారాయణగూడ చేరితే బాప్టిస్టు చర్చి, వైఎంసీఏ, క్రైస్తవ శ్మశానవాటిక. గ్రూప్స్ కోచింగుకని అశోక్‌నగర్‌లో గది తీసుకున్న కుర్రాళ్లకు ఇవి రోజూ దాటిపోయే గేట్లు, అంతే. కానీ తెలుగు నేల మీద సువార్త యాత్రల కథ చెప్పుకోవాలంటే, బయటి నుంచి వచ్చిన వాలంటీర్లూ స్థానిక సంఘాలూ ఎలా కలిసి పనిచేశారో తేల్చుకోవాలంటే, బయల్దేరడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ప్రశ్న పాతదే. రోడ్డు మార్గాన ఊరూరూ తిరుగుతూ, దారిలో తగిలిన సంఘంలో నాలుగు రోజులు పరిచర్యకు చెయ్యి అందించి బండెక్కే వాలంటీరు వల్ల మేలు ఎవరికి? సంఘానికా, ఊరికా, వచ్చినవాడికా? అమెరికాలో ఈ ప్రయాణాలు పెద్ద వ్యవహారం. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో అంచనా ప్రకారం అక్కడి చర్చి సభ్యుల్లో ఏటా దాదాపు 16 లక్షల మంది ఇలాంటి స్వల్పకాల యాత్రల మీద దేశం దాటుతారు. ఆ లెక్కలో మన సంఘాలు అన్నం పెట్టే వైపు కనిపిస్తాయి. అయితే మనవాళ్లూ యాత్రికులే. వేసవి సెలవులు వచ్చాయంటే నగరంలోని సంఘాల యువకులు పిల్లలకు సెలవుల బైబిలు తరగతులు (వీబీఎస్) నడపడానికి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని నల్గొండ, మెదక్, పాలమూరు పల్లెలకు బయల్దేరతారు. తెల్లదొరను అడిగే ప్రశ్న నారాయణగూడ కుర్రాణ్నీ అడగాల్సిందే.

రోడ్డు యాత్ర అన్న మాటకు పూర్తిగా సరిపోయే ఉదాహరణ ఆపరేషన్ మొబిలైజేషన్. 1957 వేసవిలో జార్జ్ వెర్వర్ అనే అమెరికన్ విద్యార్థి ఇద్దరు మిత్రులతో కలిసి పాత ట్రక్కులో స్పానిష్ సువార్త పుస్తకాలు నింపుకుని మెక్సికో వెళ్లాడు. అది యూరప్‌కు పాకింది. 1960ల మొదటి భాగంలోనే అక్కడి నుంచి బళ్లు టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ దాటి భారతదేశం చేరాయి. గంజాయి వెతుక్కుంటూ హిప్పీలు కాట్మండుకు వచ్చిన దారి కూడా ఇంచుమించు అదే. దారిపొడుగునా రెండు గుంపులూ ఒకే చాయ్ దుకాణాల్లో ఎదురుపడే ఉంటాయి! పాత బళ్లు, అరకొర డబ్బు, డ్రైవింగు తెలిసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, వెనక పుస్తకాల పెట్టెలు. చవక పుస్తకాలు అమ్ముకుంటూ, కరపత్రాలు పంచుకుంటూ, రాత్రికి ఏ చర్చి నేల దొరికితే అక్కడ పక్క వేసుకునేవారు.

ఈ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. 1970లో ఆ సంస్థ ఒక పాత డానిష్ ఓడ కొని లోగోస్ అని పేరు పెట్టింది. 1967 యుద్ధం నుంచి సూయెజ్ మూసి ఉండడంతో 1971లో అది ఆఫ్రికా చుట్టూ తిరిగి భారతదేశం వచ్చింది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో రోడ్డు కథ ముగిసింది. కానీ ఇక్కడ గమనించాల్సింది రోడ్డు మూతపడ్డాక ఏమైందన్నది. పని ఆగలేదు. అప్పటికే భారతీయ కుర్రాళ్లు బృందాల్లో చేరి, భాషలు పంచుకుని, బళ్లు తామే నడుపుతున్నారు. సంస్థ భారతీయుల చేతికి వచ్చి, జీడిమెట్లలోని లోగోస్ భవన్ దాని ప్రధాన చిరునామాల్లో ఒకటైంది. లండన్ నుంచి ట్రక్కు నడుపుకుంటూ వచ్చినవాడి సాహసం పుస్తకాలకెక్కింది. ఆ ట్రక్కును ఊళ్లోకి దారి చూపి తీసుకెళ్లినవాడి పేరు చాలాసార్లు ఎక్కడా లేదు. ఇలాంటి చరిత్రలన్నిటిలో కనిపించే లోపమిది.

హెబ్రోను కథ దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. బక్త్ సింగ్ 1903లో పంజాబ్‌లోని ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదవడానికి ఇంగ్లండ్, అక్కడి నుంచి కెనడా వెళ్లి, కెనడాలోనే క్రైస్తవుడై, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పుచ్చుకుని, 1933లో బొంబాయిలో ఓడ దిగారు. ఆ తర్వాత ఆయన జీవితమంతా ప్రయాణమే. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మొదలుపెట్టారు. పంజాబీ మనిషి తెలుగువాళ్ల మధ్య స్థిరపడి, ఇక్కడి నుంచే వందల స్థానిక సంఘాలకు పెద్దదిక్కయ్యారు. విదేశీ మిషనరీ సంస్థల జీతం వద్దన్నారు, బహిరంగంగా చందాలు అడగలేదు.

ఆయన సువార్త దండు వీధుల్లోకి వస్తే చూడకుండా ఉండడం కష్టం. ఛాతీ మీదా వీపు మీదా బైబిలు వచనాలు రాసిన గుడ్డలు తొడుక్కుని, డోలక్కులు, తాళాలు వాయిస్తూ, పాడుతూ ఊరేగింపుగా నడిచేవారు. చదువొచ్చినవాడు వీపు చదువుకుంటాడు, రానివాడు పాట వింటాడు. ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగేది. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునేవారు. ఆ తర్వాత ప్రేమ విందు. ఏ కులం ఇంట్లో వండినదో అడక్కుండా అందరూ ఒకే బంతిలో కూర్చుని తినడం 1950ల హైదరాబాద్‌లో చిన్న విషయమేమీ కాదు. ఏటా జరిగే కూటాలకు వేలమంది వచ్చి రోజుల తరబడి ఉండేవారు. పందిళ్లు వేయడం, నీళ్లు మోయడం, కూరలు తరగడం, గిన్నెలు తోమడం, చంటిపిల్లల తల్లులకు చోటు చూపించడం, అంతా విశ్వాసుల చేతుల మీదే.

విదేశాల నుంచి వచ్చినవాళ్లూ ఆ చాపల మీదే కూర్చున్నారు. ఫ్రెడ్ ఫ్లాక్, రేమండ్ గోల్స్‌వర్దీ వంటి పాశ్చాత్యులు ఒక భారతీయుడి నాయకత్వం కింద ఏళ్ల తరబడి పనిచేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మిషన్ బంగళాల్లో ఇంకా దొరగారు, దొరసానమ్మ అన్న పిలుపులే వినిపిస్తున్న కాలంలో ఇది జరిగిందని గుర్తుపెట్టుకోవాలి. వాలంటీరు ఎంత దూరం నుంచి వచ్చాడన్నది కాదు, వచ్చాక ఎవరి మాట వింటాడన్నది ఇక్కడ తేలింది. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులోనే బక్త్ సింగ్ కన్నుమూశారు. నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు.

వచ్చినవాడు స్థానికుడి మాట విని నడవాలన్న ఈ పాఠం హెబ్రోనుకు చాలా ముందే తెలుగు నేల మీద ఒకసారి వినిపించింది. చెప్పినవాడు తోళ్ల వ్యాపారి.

యర్రగుంట్ల పేరయ్యది మాదిగ కులం. తోళ్ల బేరానికి ఊళ్లు తిరిగేవాడు. అలా ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో ఆయనకూ భార్య నాగమ్మకూ నెల్లూరు బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ బాప్తిస్మమిచ్చాడు. ఆ ఏడాదే మరో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో డేరా వేసేసరికి, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తిండి కట్టుకుని, బాప్తిస్మం తర్వాత మార్చుకోవడానికి బట్టలతో సహా వచ్చి ఉన్నారు. నాలుగైదు రోజుల్లో 28 మందికి బాప్తిస్మం. యాత్రకు వెళ్లింది దొరే, కానీ యాత్ర దారి వేసింది పేరయ్య. అంతకుముందే ఆయనా నాగమ్మా మాట్లాడి ఉంచిన ఇళ్లవి.

పదకొండేళ్ల తర్వాత, ధాత కరువు దాటుతుండగా, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ప్రపంచమంతటా మిషన్ పత్రికల్లో ఈ అంకె మారుమోగింది. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది మాత్రం ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడన్నది ఆయన ఖాతాలో మిగిలే గట్టి పని. అన్నం కోసం మతం మారారన్న విమర్శ అప్పుడే వచ్చింది. కరువు పని సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపి ఉంచడానికి ఆ అనుమానమూ ఒక కారణం. సాయానికీ సువార్తకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగువు ఈనాటి యాత్రా బృందాల్నీ వదల్లేదు.

సువార్తకు దారి వేసేది స్థానికులేనన్న విషయాన్ని ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే తేటగా చూసింది దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. 1903లో అక్కడ ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి, తమిళ క్రైస్తవుల డబ్బుతో, తమిళ మనుషుల్ని నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు పంపారు. తర్వాత తానూ వచ్చారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మిషనరీలు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక కావలసింది స్నేహమని పాశ్చాత్యుల ముఖాన చెప్పి కలవరపెట్టింది ఆయనే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాక దోర్నకల్‌లో ఏటా సాక్ష్య వారం జరిపించారు. ఆ వారంలో పాస్టర్లు, ఉపదేశకులే కాదు, కూలికి పోయే మాల మాదిగ స్త్రీ పురుషులు కూడా పక్క ఊళ్లకు నడిచి వెళ్లి తమ మాటల్లో సాక్ష్యం చెప్పాలి. బాప్తిస్మం పొందినవారు చేతిని తలమీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలకాలి. బండి లేదు, డేరా లేదు, బయటి నుంచి వచ్చేవాళ్లూ లేరు. వెళ్లేది పక్క ఊరికి, తిరిగొచ్చేది తమ ఊరికి. తామెలా బతుకుతున్నారో తెలిసినవాళ్ల ముందే నోరు విప్పాలి. దూరపు యాత్రికుడికి లేని ఇబ్బంది ఇదే. అతన్ని నమ్మడం కష్టమయ్యేదీ ఇందుకే.

సినిమా వచ్చాక యాత్రకు మరో రూపం వచ్చింది. 1978లో విజయచందర్ యేసుగా నటించిన ‘కరుణామయుడు’ హిందీలో ‘దయాసాగర్’ అయ్యింది. ప్రొజెక్టర్లు, తెరలు వేసుకున్న బృందాలు దాన్ని ఉత్తరాది పల్లెల దాకా తిప్పాయి. చీకటి పడగానే చర్చి ఎదురుగా తెర కడితే ఊరంతా వచ్చేది. పొద్దున్నే బండి ఇంకో ఊరికి పోయేది. రాత్రి సినిమా చూసి కళ్లు తుడుచుకున్న మనిషి మర్నాడు వచ్చి తలుపు తట్టేది పాస్టరుగారి ఇంటినే.

ఇప్పటి యాత్ర ఎలా ఉంటుందో చూడాలంటే రేకుల కప్పు చర్చిలో వీబీఎస్ చూడాలి. గోడకు రంగు కాగితాల తోరణం, ముందు కీబోర్డు, చిన్న సౌండ్ బాక్స్. నగరం నుంచి వచ్చిన అక్కలు, అన్నయ్యలు చేతులు ఊపుతూ యాక్షన్ సాంగ్స్ నేర్పిస్తుంటే కింద వరసల్లో పిల్లలు, వాళ్లలో సగం మంది క్రైస్తవులు కాని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. కంఠత వాక్యం అప్పజెప్పినవాడికి పెన్సిలు, రబ్బరు. ఐదో రోజు ముగింపు కార్యక్రమం, నాటిక, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. ఇదంతా సరదాగా ఉంటుంది, పిల్లలకు నిజంగా ఇష్టం, అందులో అనుమానం లేదు. వంట చేసేవాళ్లెవరంటే, అందరూ అమ్మగారు అని పిలిచే పాస్టరుగారి భార్య. ఆవిడకు సాయం వచ్చిన ఇద్దరు ముగ్గురు సంఘ స్త్రీలు. తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తేగాని పదిహేను మంది అతిథులకు ఉప్మా, మధ్యాహ్నానికి అన్నం, గుడ్డు కూర తయారు కావు. కొన్ని బృందాలు బియ్యం, పప్పు, నూనె బండిలో వేసుకుని వస్తాయి. కొన్ని చేతులూపుకుంటూ వచ్చి, వెళ్లేటప్పుడు కానుక కవరు ఇచ్చి వెళ్తాయి. ఆ రెంటి మధ్య తేడా అమ్మగారికి తెలిసినంతగా బృంద నాయకుడికి తెలియదు.

ఖర్చు సంగతి ఇంకొంచెం కఠినంగా అడగాలి. హొండురాస్‌లో 1998 మిచ్ తుఫాను తర్వాత ఉత్తర అమెరికా చర్చి బృందాలు విమానాలెక్కి వచ్చి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు లెక్క వేస్తే, దారి ఖర్చులతో కలిపి ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు పడ్డాయి. అలాంటి ఇంటినే స్థానిక సంస్థలు 2,000 డాలర్లకు కట్టాయి. పోనీ ఇల్లు కట్టినవాళ్ల జీవితాలు మారాయా అంటే, వాళ్ల దానగుణంలోనూ ప్రార్థనలోనూ పెద్ద తేడా కనిపించలేదు. యాత్ర సమర్థకులు సాధారణంగా చెప్పే రెండో వాదం, ఊరికి ఎంత లాభమైనా కాకపోయినా వెళ్లినవాడు మారతాడన్నది, ఆ దెబ్బతో బలహీనపడింది. మన దగ్గర ఇలాంటి లెక్క కట్టిన అధ్యయనం చూడాలన్న కోరిక కలుగుతుంది. హైదరాబాద్ నుంచి ట్రావెలర్ కిరాయి, డీజిల్, టీషర్టులు, బ్యానర్లు కలిపితే ఒక గ్రామ సంఘ కాపరి నెలల జీవనాధారం కంటే ఎక్కువే కావచ్చు. అయినా డబ్బుతో కొలవకూడనిది ఒకటుంది: ఏ పత్రికా పట్టించుకోని మారుమూల ఇరవై ఇళ్ల సంఘానికి, మన కోసం కూడా పట్నం నుంచి మనుషులు వచ్చారన్న ఊరట. దాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

చట్టం వైపు చూస్తే చిత్రం ఇంకా ఇరుకు. విదేశీయులకు మిషనరీ వీసా అని వేరుగా ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చినవారు చర్చికి వెళ్లవచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు; ప్రసంగించడం, మత కరపత్రాలు పంచడం కుదరదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో, అనుమతి ఉన్న సంస్థ కూడా విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పెద్ద సంస్థ ద్వారా చిన్న సంఘానికి డబ్బు చేరే పాత దారి అలా మూసుకుపోయింది. తిరుమల వంటి నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల పరిధిలో అన్యమత ప్రచారాన్ని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిషేధించింది. ఒడిశాలోలా సాధారణ మతమార్పిడి నిరోధక చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు గానీ, మత ప్రచార హక్కులో మరొకరిని మార్చే హక్కు భాగం కాదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. రోడ్డు యాత్ర రాష్ట్రాల సరిహద్దులు దాటుతుంది. భద్రాచలం నుంచి బండి మరో రాష్ట్రంలోకి అడుగుపెడితే నిబంధనలు మారిపోతాయి. దారి తప్పిన వాలంటీరు వెనక్కి వెళ్లిపోతాడు. పోలీస్ స్టేషన్‌కు పిలిపించేది పాస్టరుగారినే.

ఫోటోల గొడవ ఇంకొకటి. దళిత కుటుంబాల్లో చాలామంది విశ్వాసులు రికార్డుల్లో ఎస్సీ హిందువులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం స్వీకరించిన దళితుడికి ఎస్సీ హోదా ఇవ్వదు. మన రాష్ట్రాల్లో అతను బీసీ–సీలో పడతాడు, వాటా ఒక శాతం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా మతం మారినవారికి వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ ఏర్పాటు న్యాయమా కాదా అన్నది దశాబ్దాలుగా నలుగుతున్న వేరే వివాదం. కానీ చెరువులో బాప్తిస్మం ఫోటో తీసి, ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టే వాలంటీరుకు, ఆ ఫోటోలో తడిబట్టలతో నిలబడ్డ అమ్మాయి కాలేజీ సీటు దానితో ముడిపడి ఉండొచ్చన్న ఆలోచన రాదు. బండి ఎక్కకముందే నేర్పాల్సిన పాఠాల్లో ఇది మొదటిది. యాక్షన్ సాంగ్ రెండోది.

తెలుగువాళ్లు పంపినవాళ్లూ ఉన్నారు. 1903లో తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సంఘం నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడెక్కించింది. అక్కడి చెరకు తోటల్లో, కియర్స్నీ టీ తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లలో ముందే బాప్టిస్టులు ఉన్నారు. వాళ్లు అడిగితేనే ఆయన వెళ్లారు. కియర్స్నీలో సంఘం పెట్టి, తోట నుంచి తోటకు తిరుగుతూ 1915లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయారు. పిలిచింది వాళ్లు, పంపింది పేద తెలుగు సంఘాల కానుకలు, చెప్పింది వాళ్ల భాషలోనే. నేటి స్వల్పకాల యాత్రల్లో ఈ మూడూ కలిసి కనిపించడం అరుదు.

మొదట్లో చెప్పుకున్న లోయర్ ట్యాంక్‌బండ్ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో పుట్టి, 1970ల మొదట్లో హైదరాబాద్ వచ్చింది. బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ, మెథడిస్టు సంఘాలు కలిసి నడిపే ఇలాంటి చోట వేదాంతం తరగతి గదికే పరిమితం కాదు. విద్యార్థి స్థానిక సంఘంలో కాపరి కింద పనిచేసి నేర్చుకోవాలి. వారం వారం ఒకే సంఘానికి వెళ్తే ఏ ఇంట్లో తాగుడుందో, ఏ పెద్దకు ఏ పెద్దతో మాటల్లేవో, సమాధుల స్థలం తగువు ఎక్కడ ఆగిందో కొన్ని నెలల్లో తెలుస్తుంది. వేసవి బృందం ఈ విద్యార్థినో, ఊరి కాపరినో ముందుగా అడిగితే చాలా పొరపాట్లు తప్పుతాయి. ఉదాహరణకు తేదీలు. బృందానికి సెలవులు మే నెలలో కాబట్టి యాత్ర మే నెలలోనే. పల్లెలో మే అంటే ఉపాధి హామీ పని ముమ్మరంగా సాగే కాలం. పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని వెళ్తేనే మస్టర్‌లో పేరు పడుతుంది. పొద్దుటి క్లాసుకు పిల్లలు వస్తారు, తల్లులు రారు. వంటకు ఆగిపోయిన స్త్రీకి ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రానికి మార్చమని కాపరి అడగవచ్చు, గానీ దూరం నుంచి వచ్చిన అతిథిని కాదనడం ఆయన నోటికి రాదు. కాబట్టి ఆ మాట బృందమే ముందు ఎత్తాలి. వంటకు ఉండే స్త్రీల కూలిని టీషర్టుల ఖర్చు కంటే ముందు బడ్జెట్‌లో రాసుకోవాలి.